బోర్మా లాగర్ డైరీ: సెక్షన్లు, సెగ్మెంట్లు, 64 కేబీ ఫ్లాష్

పలాసలో మా మామయ్యది చిన్న జీడిపప్పు షెడ్డు. పిక్క కొట్టి తీసిన పప్పును బోర్మాలో సుమారు 70 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెడితే గానీ పైనున్న ఎర్ర పొట్టు వదలదు. వేడి కాస్త ఎక్కువైతే పప్పు రంగు మారి గ్రేడు పడిపోతుంది. ఆ వేడిని అర నిమిషానికోసారి కొలిచి, తెలుగులో చూపించి, బ్యాచ్‌ల లెక్క ఉంచుకునే చిన్న పెట్టె ఈ ప్రాజెక్టు.

సెన్సార్ కలపడం, డిస్‌ప్లే వెలిగించడం గురించి ఇక్కడ రాయడం లేదు. అవి తేలిగ్గానే అయ్యాయి. పని ఆగినప్పుడల్లా ఆగింది లింకర్ దగ్గరే. కంపైల్ అయిన ముక్కలను కలిపి, ఒక్కోదానికి మెమరీలో అడ్రసు ఇచ్చే ప్రోగ్రామే లింకర్. ఒకే రకం కోడు లేదా డేటా ముక్క సెక్షన్, మెమరీలోకి కలిపి ఎక్కించే సెక్షన్ల గుంపు సెగ్మెంట్. ఏ సెక్షన్ ఏ మెమరీలో పడుతుంది, వాటిని సెగ్మెంట్లుగా ఎవరు ఎలా కలుపుతారు అన్నది సరిగ్గా పట్టుకోకపోతే కోడు ఎంత బాగా రాసినా బోర్డు లేవదు. సొంతంగా లింకర్ స్క్రిప్టు (ఏది ఎక్కడ పెట్టాలో లింకరుకు చెప్పే ఫైలు) రాసుకోవాల్సి వచ్చినవాళ్లకు పనికొస్తుందని ఎక్కడ ఏం చెడిందో, ఎందుకు మార్చానో వరుసగా పెడుతున్నాను.

స్క్రిప్టు ఫైలును ఉన్నదున్నట్టు పెట్టడం లేదు. ఏ లైను ఎందుకు ఉండాలో తెలియకుండా తెచ్చుకున్న స్క్రిప్టు చిప్పు మారగానే ఎదురు తిరుగుతుంది. అడ్రసులన్నీ హెక్స్‌లో, బైట్ల లెక్కలు మామూలు అంకెల్లో ఉంటాయి.

సామాను

- ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్పున్న బ్లూ పిల్ బోర్డు. ఫ్లాష్ 64 కేబీ, 08000000 దగ్గర మొదలు. ర్యామ్ 20 కేబీ, 20000000 నుంచి 20005000 వరకు.
- కె టైప్ థర్మోకపుల్, మ్యాక్స్6675 మాడ్యూల్. ఒక్కో మెట్టు 0.25 డిగ్రీ, అంటే 70 డిగ్రీలు 280 అవుతుంది. ఈ 280ని గుర్తుపెట్టుకోండి, దశ 2లో పనికొస్తుంది.
- 128×64 ఓలెడ్ డిస్‌ప్లే, ఎస్‌టీ-లింక్ (చిప్పులోకి కోడు ఎక్కించే పరికరం), ఓపెన్‌ఓసీడీ (దాన్ని నడిపే ప్రోగ్రాము).
- ఆర్మ్ జీసీసీ టూల్‌చైన్. దానితోపాటే వచ్చే రీడ్‌ఎల్ఫ్, ఆబ్జ్‌డంప్ (లింకర్ ఇచ్చిన ఎల్ఫ్ ఫైలు లోపల ఏముందో చూపేవి), ఆబ్జ్‌కాపీ (ఎల్ఫ్‌లోంచి చిప్పులోకి వెళ్లే బైట్లను బిన్ ఫైలుగా తీసేది).

దశ 1: వెక్టర్ టేబుల్ కనబడలేదు

కంపైల్ అయింది, లింక్ అయింది, ఫ్లాష్‌లోకి ఎక్కింది. బోర్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఈ చిప్పులోని కార్టెక్స్-ఎం3 కోర్ రీసెట్ కాగానే వెక్టర్ టేబుల్ (ప్రోగ్రాము ఎక్కడ మొదలవ్వాలో, ఇంటరప్టు వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే అడ్రసుల పట్టిక) మొదటి 4 బైట్లను స్టాక్ పాయింటర్‌గా, తర్వాతి 4 బైట్లను రీసెట్ హ్యాండ్లర్ అడ్రసుగా చదువుకుంటుంది. స్టాక్ ర్యామ్ చివరి నుంచి కిందికి పెరుగుతుంది కాబట్టి నా మొదటి నాలుగు బైట్లు 20005000 కావాలి. లిటిల్ ఎండియన్ (చిన్న బైటు ముందు) కాబట్టి డంపులో 00 50 00 20 అని కనిపించాలి. ఆబ్జ్‌డంప్‌తో తెరిచి చూస్తే అక్కడ ఏదో ఫంక్షన్ మొదటి ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. చిప్పు వాటినే స్టాక్ అడ్రసు అనుకుని ఫాల్ట్‌లోకి వెళ్లిపోతోంది.

టేబుల్ ఎక్కడికి పోయిందో మ్యాప్ ఫైలు (ఏ ముక్క ఎక్కడ పెట్టిందో లింకర్ రాసే జాబితా) చెప్పింది. పైభాగంలో, పారేసిన సెక్షన్ల జాబితాలో ఉంది. వాడని సెక్షన్లను ఏరివేయమని లింకరుకు జీసీ-సెక్షన్స్ ఆప్షన్ ఇచ్చి ఉన్నాను. కోడులో వెక్టర్ టేబుల్‌ను ఎవరూ పేరు పెట్టి పిలవరు, దాన్ని చదివేది హార్డ్‌వేర్. ఆ సంగతి లింకరుకు తెలియదు కాబట్టి తీసేసింది.

మార్పులు:

1. వెక్టర్ టేబుల్‌కు సెక్షన్ ఆట్రిబ్యూట్‌తో విడిగా ఒక పేరు పెట్టాను.
2. స్క్రిప్టులో ఆ పేరును .టెక్స్ట్ (కోడు ఉండే సెక్షన్) కంటే ముందు, కీప్ లోపల రాశాను. కీప్‌లో ఉన్నదాన్ని ఏరివేత ముట్టుకోదు.
3. ఎంట్రీ లైనులో రీసెట్ హ్యాండ్లర్ పేరు ఇచ్చాను. ఈ లైను చిప్పుకు ఏమీ చెప్పదు. ఏరివేత ఎక్కడ మొదలుపెట్టాలో లింకరుకు చెబుతుంది.
4. మళ్లీ డంపు చూశాను: 00 50 00 20. రెండో మాట (4 బైట్ల ముక్క) బేసి సంఖ్య. థంబ్ కోడుకు (ఈ కోర్ నడిపే ఇన్‌స్ట్రక్షన్ల రకం) చివరి బిట్ 1 ఉండాలి కాబట్టి అదీ సరే.

ఈ చిప్పులో ఇంటరప్టులు 43, కోర్‌వి 16 కలిపి 59 గడులు. ఒక్కోటి 4 బైట్లు.

లెక్క ఇప్పటికి: వెక్టర్ 236 + .టెక్స్ట్ 6,412 = 6,648 / 65,536.

దశ 2: 384 ఎంబీ ఫైలు, ఆ తర్వాత జరిగిన విలువలు

సెన్సార్, డిస్‌ప్లే కోడు చేరాక ఆబ్జ్‌కాపీతో బిన్ ఫైలు చేయిస్తే డిస్కు గిరగిరా తిరిగింది. సైజు చూస్తే 40,26,53,396 బైట్లు. చిప్పులో ఉన్నవి 65,536.

ఈ సంఖ్యను విడదీస్తే తప్పు దానంతటదే బయటపడుతుంది. 20000000 లోంచి 08000000 తీసేస్తే 18000000. మామూలు అంకెల్లో 40,26,53,184, అంటే సరిగ్గా 384 ఎంబీ. మిగిలిన 212 బైట్లు .డేటా సెక్షన్. అంటే బిన్ ఫైలు ఫ్లాష్ మొదలు నుంచి ర్యామ్ దాకా మధ్యలో ఉన్న ఖాళీనంతా సున్నాలతో నింపుకుంటూ వెళ్లి, చివర్న నా 212 బైట్లు పెట్టింది.

మొదలు విలువ ఉన్న గ్లోబల్ వేరియబుల్‌కు రెండు అడ్రసులు ఉండాలి. కరెంటు లేనప్పుడు దాని విలువ ఫ్లాష్‌లో ఉండాలి, అది లోడ్ అడ్రస్. ప్రోగ్రాము నడిచేటప్పుడు ర్యామ్‌లో ఉండాలి, అది రన్ అడ్రస్. స్క్రిప్టులో ర్యామ్‌లో పెట్టమని మాత్రమే రాస్తే లింకర్ రెండు అడ్రసులూ ఒకటే అనుకుంటుంది. అదే లైనులో ఏటీ గుర్తుతో ఫ్లాష్ పేరు కూడా చేర్చాక బిన్ ఫైలు ఫ్లాష్‌లో పట్టే సైజుకు దిగింది.

ఫ్లాష్‌లోంచి ర్యామ్‌లోకి కాపీ చేసే పని మాత్రం లింకర్ చేయదు. మెయిన్ కంటే ముందు నడిచే స్టార్టప్ కోడు చేయాలి:

1. .డేటా మొదలు, చివర చెప్పే సింబల్స్‌ను సెక్షన్ లోపలే పెట్టాలి.
2. చివర్లో 4కు అలైన్ చేయాలి, లేకపోతే నాలుగేసి బైట్ల కాపీ లూప్ అంచు దాటుతుంది.
3. .బీఎస్‌ఎస్ (మొదలు విలువ ఇవ్వని వేరియబుల్స్ సెక్షన్) మొదలు నుంచి చివరి దాకా సున్నా చేయాలి.
4. సీ కోడులో ఈ సింబల్ అడ్రసునే వాడాలి. దాని విలువ చదివితే ఆ చోట ఉన్న బైట్లు వస్తాయి.

బోర్డు లేచింది. కొన్నాళ్లు బాగానే నడిచింది. సగటు లెక్కకు 64 బిట్ భాగహారం ఒకటి చేర్చగానే రీడింగు విరామం పిచ్చిపిచ్చిగా మారింది. 30 సెకన్లు ఉండాల్సింది 280 సెకన్లు చూపిస్తోంది. గరిష్ఠ వేడి హద్దు వేరియబుల్‌లో ఏదో అర్థంలేని పెద్ద సంఖ్య.

280 అంటే 70 డిగ్రీల హద్దు. అది తన చోటు వదిలి రెండు మాటల అవతల ఉన్న విరామం వేరియబుల్‌లో కూర్చుంది. అంటే .డేటా మొత్తం 8 బైట్లు జరిగింది. జీడీబీ డీబగర్‌లో పక్కపక్కన చూస్తే ప్రతి వేరియబుల్‌లోనూ దానికి రెండు మాటల ముందున్నదాని విలువే ఉంది.

కాపీ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పడానికి .టెక్స్ట్ చివరి సింబల్‌ను వాడాను. పాత స్క్రిప్టులు చాలావాటిలో ఇలాగే ఉంటుంది. .టెక్స్ట్ అయిపోగానే .డేటా వస్తుందన్న నమ్మకం మీద అది నడుస్తుంది. 64 బిట్ భాగహారం కోసం లిబ్‌జీసీసీ (కంపైలర్ వెంట వచ్చే లైబ్రరీ) లోంచి వచ్చిన కోడు తనతోపాటు .ఆర్మ్.ఎగ్జిడెక్స్ అనే 8 బైట్ల సెక్షన్‌ను తెచ్చింది. నా స్క్రిప్టులో దాని పేరే లేదు. పేరు లేని సెక్షన్‌ను లింకర్ పారేయదు, అలాగని ఆగదు. తనకు తగిన చోటు అనిపించిన దగ్గర చేర్చేస్తుంది. వీటిని ఆర్ఫన్ సెక్షన్లు అంటారు. ఇది సరిగ్గా .టెక్స్ట్‌కూ .డేటా లోడ్ అడ్రసుకూ మధ్యలో కూర్చుంది.

మార్పులు:

1. .ఆర్మ్.ఎగ్జిడెక్స్‌కు స్క్రిప్టులో సొంత చోటు.
2. కాపీ మొదలు అడ్రసును లోడ్‌ఆడర్ ఫంక్షన్‌తో లింకర్‌నే అడిగి తీసుకోవడం. మధ్యలో ఏది వచ్చినా ఇది తప్పదు.
3. ఆర్ఫన్-హ్యాండ్లింగ్ ఆప్షన్‌ను ఎర్రర్‌గా పెట్టడం. పేరు రాయని సెక్షన్ వస్తే లింక్ ఆగిపోతుంది.

మూడోది పెట్టగానే డీబగ్ సెక్షన్లు, కామెంట్, ఆర్మ్ ఆట్రిబ్యూట్స్ అన్నీ ఎర్రర్లుగా వచ్చి పడతాయి. కంగారు పడక్కర్లేదు. వాటినీ స్క్రిప్టు చివర్లో, అడ్రస్ 0 దగ్గర, పేరుపేరునా రాయాలి. అవి మెమరీలోకి వెళ్లేవి కావు. ఈ చాకిరీ ఒక్కసారే. దీన్ని తప్పించుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆర్ఫన్ తెచ్చే తప్పు లింక్ చేసినప్పుడు కనబడదు, షెడ్డులో కనబడుతుంది.

లెక్క ఇప్పటికి:
ఫ్లాష్: వెక్టర్ 236 + .టెక్స్ట్ 19,884 + .రోడేటా (మారని విలువలు) 1,128 + ఎగ్జిడెక్స్ 8 + .డేటా 212 = 21,468 / 65,536
ర్యామ్: .డేటా 212 + .బీఎస్‌ఎస్ 3,468 + స్టాక్‌కు ఉంచింది 2,048 = 5,728 / 20,480

దశ 3: తెలుగు మాటలు ర్యామ్ నింపేశాయి

బోర్మా దగ్గర పనిచేసేవాళ్లకు తెలుగులోనే చూపించాలి. ఒత్తులు, గుణింతాలు కలిపి అక్షరం కట్టే కోడు ఇంత చిన్న చిప్పులో పెట్టడం కంటే మాటలనే బొమ్మలుగా ముందే తయారుచేసుకోవడం నయం. ‘వేడి ఎక్కువైంది’, ‘తలుపు మూయండి’, ‘బ్యాచ్ పూర్తి’ లాంటివి 72 పట్టీలు. ఒక్కో పట్టీ 128×16 చుక్కలు, అంటే 256 బైట్లు. మొత్తం 18,432.

లింకర్ మాట: ర్యామ్ రీజియన్ 3,968 బైట్లు పొంగింది.

బొమ్మలు ఎప్పటికీ మారవు, మరి ర్యామ్‌లోకి ఎందుకు వెళ్లాయి? సీలో కాన్స్ట్ అని రాయని గ్లోబల్ అర్రేకు మొదలు విలువ ఉంటే అది .డేటాకే వెళ్తుంది. ర్యామ్‌లో ఒక చోటు, దాని మొదలు విలువ కోసం ఫ్లాష్‌లో ఇంకో చోటు. ఒకే బొమ్మకు రెండు మెమరీల్లోనూ అద్దె కడుతున్నట్టు. కాన్స్ట్ చేర్చగానే అవి .రోడేటాకు, అంటే ఫ్లాష్‌కు మాత్రమే వెళ్లాయి.

అయినా .డేటా 212 కాకుండా 500 చూపించింది. మ్యాప్ ఫైలులో వెతికితే, బొమ్మల అడ్రసులు దాచుకున్న పాయింటర్ల పట్టిక దొరికింది. 72 పాయింటర్లు, 288 బైట్లు. పాయింటర్ చూపే బైట్లకు కాన్స్ట్ ఉంది గానీ పాయింటర్‌కు లేదు. నక్షత్రం గుర్తు తర్వాత ఇంకో కాన్స్ట్ రాస్తే అదీ .రోడేటాకు వెళ్లింది.

లెక్క ఇప్పటికి:
.రోడేటా 1,128 + 18,432 + 288 = 19,848
ఫ్లాష్ 40,188 / 65,536
ర్యామ్ 5,728 / 20,480, మునుపటిలాగే

సైజ్ కమాండ్ ఇచ్చే మూడు అంకెలు (కోడు, .డేటా, .బీఎస్‌ఎస్ మొత్తాలు) చూస్తే ఈ 288 బైట్లు ఎవరివో తెలియదు. మ్యాప్ ఫైలును సెక్షన్ వారీగా, పెద్దవి పైన వచ్చేలా సార్ట్ చేసే చిన్న స్క్రిప్టు రాసుకోండి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే.

దశ 4: బూట్‌లోడర్‌ను తుడిచేసిన సెగ్మెంట్

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఎస్‌టీ-లింక్ పట్టుకుని షెడ్డుకు వెళ్లి పెట్టె విప్పే పని లేకుండా, సీరియల్ కేబుల్‌తో అప్‌డేట్ తీసుకునే బూట్‌లోడర్ (అప్లికేషన్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము) రాశాను. దానికి మొదటి 8 కేబీ ఇచ్చాను. అప్లికేషన్ ఇక 08002000 దగ్గర మొదలవ్వాలి. మెమరీ భాగంలో ఫ్లాష్ మొదలును 08002000గా, పొడవును 56 కేబీగా మార్చాను. వెక్టర్ టేబుల్ కొత్త చోటును విటార్ రిజిస్టర్‌లో రాశాను.

లింక్ అయింది. సెక్షన్ హెడర్లలో వెక్టర్ 08002000 దగ్గర చక్కగా ఉంది. ఓపెన్‌ఓసీడీతో ఎల్ఫ్ ఫైలు ఎక్కించి రీసెట్ కొడితే అప్లికేషనూ లేదు, బూట్‌లోడరూ లేదు. రెండూ చచ్చిపోయాయి.

బూట్‌లోడర్‌ను మళ్లీ ఎక్కించి, ఈసారి అప్లికేషన్ బిన్ ఫైలును 08002000 దగ్గర రాయిస్తే అన్నీ పనిచేశాయి. అదే కోడు, అదే లింక్. బిన్‌తో సరే, ఎల్ఫ్‌తో చావు. తేడా ఫైలులోనే ఉండాలి.

08000000 దగ్గర చిప్పులో ఏముందో చదివించాను. మొదటి నాలుగు బైట్లు: 7ఎఫ్, 45, 4సీ, 46. ఇది ఎల్ఫ్ ఫైలు తలకట్టు. ఆ వెనక కొద్దిపాటి హెడర్ బైట్లు, ఆ తర్వాత 08002000 దాకా సున్నాలు. ఎల్ఫ్ ఫైలు హెడరే నా బూట్‌లోడర్ మీద వచ్చి కూర్చుంది.

అప్పుడు రీడ్‌ఎల్ఫ్‌తో ప్రోగ్రాము హెడర్లు చూశాను. మొదటి లోడ్ వరుస ఇలా ఉంది: ఆఫ్‌సెట్ 000000, వర్చువల్ అడ్రస్ 08000000, ఫిజికల్ అడ్రస్ 08000000, ఫైల్ సైజు (మామూలు అంకెల్లో) 48,168. నా కోడు, రోడేటా అన్నీ కలిపి 39,976. తేడా 8,192. సరిగ్గా బూట్‌లోడర్ జాగా.

ఎవరు ఏ పట్టిక చూస్తారో ఇక్కడ తెలుసుకోవాలి. షెడ్డు భాషలో చెప్పాలంటే గ్రేడు వారీగా కట్టిన బస్తాలు సెక్షన్లు, లారీకి ఎత్తిన లోడు సెగ్మెంటు. దించేవాడు లోడు చూస్తాడు గానీ బస్తా మీద గ్రేడు చూడడు. ఓపెన్‌ఓసీడీ ఎల్ఫ్‌ను సెగ్మెంట్ల ప్రకారం, అంటే ప్రోగ్రాము హెడర్లలోని ఫిజికల్ అడ్రస్ ప్రకారం రాస్తుంది. ఆబ్జ్‌కాపీ, జీడీబీ లోడ్ కమాండ్ సెక్షన్ల లోడ్ అడ్రస్ చూస్తాయి. అందుకే బిన్ బతికింది, ఎల్ఫ్ చంపింది.

మరి సెగ్మెంట్ 08000000 నుంచి ఎందుకు మొదలైంది? స్క్రిప్టులో సెగ్మెంట్ల గురించి ఏమీ చెప్పకపోతే లింకర్ తన పద్ధతిలో కలుపుతుంది. ఆ పద్ధతి ముఖ్యంగా ఇది:

1. మెమరీలోకి వెళ్లే సెక్షన్లను మాత్రమే తీసుకుని లోడ్ అడ్రసు వరుసలో పెడుతుంది.
2. లోడ్ అడ్రసుకూ రన్ అడ్రసుకూ ఉన్న దూరం మారితే కొత్త సెగ్మెంట్. .టెక్స్ట్‌కు ఆ దూరం సున్నా, .డేటాకు కాదు, అందుకే .డేటా వేరుపడుతుంది.
3. రెండు సెక్షన్ల మధ్య పేజీకి మించిన ఖాళీ ఉంటే కొత్త సెగ్మెంట్.
4. చదవడానికి మాత్రమే ఉన్నవాటి తర్వాత రాయదగినవి వచ్చి, పేజీ కూడా మారితే కొత్త సెగ్మెంట్.
5. మొదటి సెక్షన్‌కు ముందు, అదే పేజీలో చోటుంటే ఎల్ఫ్ హెడర్‌నూ ప్రోగ్రాము హెడర్లనూ మొదటి సెగ్మెంట్‌లోనే చేరుస్తుంది.

చివరిదే నా బూట్‌లోడర్‌ను తినేసింది. లినక్స్ లాంటి చోట అది మంచిదే, హెడర్లు మెమరీలో దొరుకుతాయి. నా టూల్‌చైన్‌లో ఆర్మ్‌కు లింకర్ అనుకునే పెద్ద పేజీ 64 కేబీ, హెక్స్‌లో 10000. ఎల్ఫ్ హెడర్ 52 బైట్లు, ఒక్కో ప్రోగ్రాము హెడర్ 32 బైట్లు, అన్నీ కలిపినా రెండు వందలకు లోపే. అప్లికేషన్ 08000000 దగ్గర ఉన్నప్పుడు పేజీ మొదట్లోనే ఉంది, ముందు చోటు లేదు, కాబట్టి హెడర్లు బయటే ఉన్నాయి. 08002000కి జరపగానే అదే పేజీలో ముందు 8 కేబీ ఖాళీ కనబడింది. ఆ ఖాళీ బూట్‌లోడర్‌ది అని లింకరుకు ఎవరూ చెప్పలేదు. మెమరీ భాగంలో రాసిన హద్దులు సెక్షన్లకే వర్తిస్తాయి, ఈ హెడర్లకు కాదు. కాబట్టి పొంగిందన్న ఎర్రర్ కూడా రాదు.

సరిచేసే దారులు మూడు. మూడూ చేసి చూశాను, మూడూ పనిచేశాయి:

1. లింకరుకు మైనస్ ఎన్ ఆప్షన్. పేజీ లెక్కలు మానేస్తుంది.
2. మ్యాక్స్-పేజ్-సైజ్‌ను 4,096 చేయడం. 08002000 అప్పుడు పేజీ మొదలు అవుతుంది, ముందు చోటు ఉండదు.
3. స్క్రిప్టులో పీహెచ్‌డీఆర్‌ఎస్ భాగం రాసి సెగ్మెంట్లను మనమే ప్రకటించడం.

మూడోదాన్ని ఉంచాను. మొదటి రెండూ బిల్డ్ కమాండులో ఉంటాయి. మేక్‌ఫైలు మార్చినవాడు ఆ ఒక్క పదం తీసేస్తే బూట్‌లోడర్ మళ్లీ పోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. పీహెచ్‌డీఆర్‌ఎస్ అయితే స్క్రిప్టులోనే ఉంటుంది, చదివినవాళ్లకు కనబడుతుంది. రెండు సెగ్మెంట్లు ప్రకటించాను: కోడు, జెండాలు 5 (చదవడం 4 + నడపడం 1). డేటా, జెండాలు 6 (చదవడం 4 + రాయడం 2). ఫైల్ హెడర్‌ను చేర్చమనే పదం ఎక్కడా పెట్టలేదు, కాబట్టి హెడర్లు లోపలికి రావు. ఆర్‌డబ్ల్యూఎక్స్ (చదవడం, రాయడం, నడపడం మూడూ ఉన్న) సెగ్మెంట్ ఉందన్న హెచ్చరిక కొందరికి బైనుటిల్స్ (లింకర్ ఉండే టూల్స్ కట్ట) 2.39 నుంచి వస్తోంది. జెండాలు ఇలా విడివిడిగా రాస్తే అదీ పోతుంది.

పీహెచ్‌డీఆర్‌ఎస్ వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒక సెక్షన్ పక్కన కోలన్ పెట్టి సెగ్మెంట్ పేరు రాస్తే, తర్వాత వచ్చే సెక్షన్లు కూడా ఏమీ చెప్పకపోతే అందులోకే వెళ్తాయి. అందుకని ప్రతి సెక్షన్ పక్కనా పేరు రాయండి, బద్ధకించకండి.

ఇప్పుడు పట్టిక:
కోడు సెగ్మెంట్: ఫిజికల్ 08002000, ఫైల్ సైజు 39,976, మెమరీ సైజు 39,976
డేటా సెగ్మెంట్: వర్చువల్ 20000000, ఫైల్ సైజు 212, మెమరీ సైజు 5,728

రెండో వరుసలో ఫైల్ సైజుకూ మెమరీ సైజుకూ ఉన్న తేడా 5,516. అది .బీఎస్‌ఎస్, స్టాక్ కలిపి. లినక్స్‌లో ఈ తేడాను కెర్నల్ సున్నాలతో నింపుతుంది. ఇక్కడ కెర్నల్ లేదు, స్టార్టప్ కోడే దిక్కు. .బీఎస్‌ఎస్ ఎప్పుడూ సెగ్మెంట్ చివర ఉండాలన్నది కూడా ఇందుకే. దాని తర్వాత విలువలున్న సెక్షన్ వస్తే మధ్యలో ఉన్న సున్నాలు కూడా ఫైలులోకి ఎక్కాల్సి వస్తుంది.

లెక్క ఇప్పటికి: ఫ్లాష్ 40,188 / 57,344. మిగిలింది 17,156.

దశ 5: అప్‌డేట్ చేస్తే పోయిన బ్యాచ్ లెక్క

వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుంటే చిప్పును మళ్లీ మొదలుపెట్టే టైమర్) రీసెట్ అయినా, సీరియల్‌లో అప్‌డేట్ జరిగినా బ్యాచ్ లెక్క పోకూడదు. బోర్డుకు బ్యాటరీ ఉంది కాబట్టి ర్యామ్‌కు కరెంటు ఆగదు. స్టార్టప్ కోడు ముట్టుకోని సెక్షన్‌లో లెక్క పెడితే చాలు. .బ్యాచ్ అనే సెక్షన్ చేసి, నోలోడ్ (ఫ్లాష్‌లోకి ఎక్కించొద్దు అనే) గుర్తుతో .బీఎస్‌ఎస్ తర్వాత పెట్టాను. రీసెట్ కొట్టి చూస్తే లెక్క నిలిచింది.

కొత్త వెర్షన్ ఎక్కించిన మధ్యాహ్నం బోర్మా దగ్గర ఉండే పెద్దాయన అడిగారు: “ఏటి బాబూ, పొద్దుటి లెక్కంతా పోనాదా?”

పోయింది. కొత్త వెర్షన్‌లో .బీఎస్‌ఎస్ 16 బైట్లు పెరిగింది. .బ్యాచ్ దాని వెనకే ఉంది కాబట్టి అదీ 16 బైట్లు జరిగింది. పాత లెక్క పాత చోటే ఉంది, కొత్త కోడు వేరే చోట వెతికింది.

కాబట్టి .బ్యాచ్ చోటు ఎప్పటికీ మారకూడదు. మెమరీ భాగంలో ర్యామ్ మొదటి 512 బైట్లను విడదీసి సొంత రీజియన్ చేశాను: 20000000 నుంచి 20000200 వరకు. మిగతా ర్యామ్ 20000200 నుంచి. ఏ సెగ్మెంటూ వద్దని .బ్యాచ్ పక్కన కోలన్ పెట్టి నన్ అని రాశాను.

అప్‌డేట్ చేస్తే మళ్లీ పోయింది. ఈసారి అప్లికేషన్ అడ్రసు సరిగ్గానే ఉంది. ముందు నడిచేది బూట్‌లోడర్, దాని లింకర్ స్క్రిప్టు వేరు. అందులో ర్యామ్ ఇంకా 20000000 నుంచే మొదలవుతోంది. దాని .బీఎస్‌ఎస్‌ను సున్నా చేసే లూప్ నా బ్యాచ్ లెక్కను శుభ్రంగా తుడిచేస్తోంది.

మార్పులు:

1. మెమరీ భాగాన్ని విడి ఫైలుగా తీసి, రెండు స్క్రిప్టులూ ఇంక్లూడ్‌తో అదే ఫైలు చదివేలా చేశాను. హద్దు మారితే ఇద్దరికీ ఒకేసారి మారుతుంది.
2. .బ్యాచ్ సైజు 512 దాటితే లింక్ ఆగేలా అసర్ట్ పెట్టాను.
3. లెక్క ముందు ఒక గుర్తు సంఖ్య, వెనక సీఆర్‌సీ (బైట్లు చెడలేదని సరిచూసే సంఖ్య). కరెంటు పూర్తిగా పోయి వచ్చినప్పుడు ర్యామ్‌లో ఏముంటుందో చెప్పలేం. రెండూ సరిపోతేనే లెక్కను నమ్ముతుంది.

ఈ దశలోనే స్టాక్ కూడా కొలిచాను. స్టార్టప్‌లో స్టాక్ జాగా అంతా హెక్స్ 55తో నింపి, అన్ని స్క్రీన్లూ తిప్పి, ఒక బ్యాచ్ పూర్తి చేశాక ఎక్కడి వరకు చెరిగిందో చూడటమే. అత్యధికంగా 1,136 బైట్లు వాడింది. ఉంచింది 2,048. తగ్గించలేదు. ఇంటరప్టు మీద ఇంటరప్టు పడే సందర్భం ఆ పరీక్షలో వచ్చి ఉండకపోవచ్చు.

లెక్క ఇప్పటికి:
ఫ్లాష్: .టెక్స్ట్ 20,540కి పెరిగింది, మొత్తం 40,844 / 57,344
ర్యామ్: 212 + 3,484 + 2,048 = 5,744 / 19,968, విడిగా బ్యాచ్ 512

దశ 6: మేక్‌ఫైలులో తనిఖీ, సెట్టింగులకు జాగా

లింక్ అయ్యాక ప్రతిసారీ మేక్‌ఫైలు చేసే పనులు:

1. ప్రింట్-మెమరీ-యూసేజ్‌తో రీజియన్ల నిండుదనం చూపించడం.
2. రీడ్‌ఎల్ఫ్ పట్టికలో మొదటి లోడ్ వరుస ఫిజికల్ అడ్రస్ 08002000 కాకపోతే బిల్డ్ ఆపడం.
3. లోడ్ వరుసలు రెండు కాకపోతే ఆపడం.
4. బిన్ ఫైలు సైజు, రెండు ఫైల్ సైజుల మొత్తం ఒకటే కాకపోతే ఆపడం. ఇప్పుడు అది 40,844.

రెండో తనిఖీ నిజంగా పట్టుకుంటుందో లేదో చూడాలని పీహెచ్‌డీఆర్‌ఎస్ తీసేసి బిల్డ్ చేశాను. ఆగింది, 08000000 అని చూపించింది.

వేడి హద్దు, విరామం లాంటి సెట్టింగులు కరెంటు పోయినా ఉండాలి కాబట్టి వాటికి ఫ్లాష్ చివర చోటు తీశాను. ఈ చిప్పులో ఒక్కసారికి చెరపగలిగేది 1 కేబీ పేజీ. ఒక పేజీ చెరిపే సమయంలో కరెంటు పోతే సెట్టింగులు మిగలవు, అందుకని రెండు పేజీలు. కొత్తది ఒకదాంట్లో పూర్తిగా రాసి సీఆర్‌సీ సరిచూశాకే పాతది చెరుపుతుంది. మెమరీ ఫైలులో అప్లికేషన్ పొడవు 56 నుంచి 54 కేబీకి తగ్గించి, ఆ 2 కేబీకి వేరే రీజియన్ పేరు పెట్టాను. అందులో ఏ సెక్షనూ పడదు. మొదలు, చివర సింబల్స్ మాత్రమే ఉంటాయి. అప్‌డేట్ సమయంలో బూట్‌లోడర్ కూడా ఆ సింబల్ చూసే ఆగుతుంది.

లెక్క: ఫ్లాష్ 40,844 / 55,296. మిగిలింది 14,452 బైట్లు, అంటే ఒక్కోదాని పాయింటరుతో కలిపి ఇంకో 55 తెలుగు పట్టీలకు చోటు.